పెద్దచెరువు పక్కన సివిల్ చదువు

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం వైపు వస్తే మంగల్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ అన్నీ ఇంజనీరింగ్ కాలేజీలే. వాటిలో చేరే పిల్లల చూపు ఎక్కువగా కంప్యూటర్ సైన్స్ మీద. సివిల్ తీసుకున్నవాణ్ని మాత్రం, ఇళ్లు కట్టించడానికి మేస్త్రీలు లేరా, దానికి నాలుగేళ్ల చదువెందుకని అడిగే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఆ ప్రశ్నకు జవాబు తరగతి గదిలో కంటే ల్యాబుల్లోనే బాగా దొరుకుతుంది. కొలవడం, కొలిచినదాన్ని మళ్లీ సరిచూడటం: సివిల్ చదువుకు ప్రాణం అదే.

సర్వే ల్యాబ్ జరిగేది ఆరుబయట, ఎండలో. మూడుకాళ్ల స్టాండు మీద లెవెల్ పరికరం బిగించి, బుడగ నడిమధ్యకు వచ్చేదాకా స్క్రూలు తిప్పుతారు. ఎత్తు ముందే తెలిసిన చోట, అంటే బెంచ్‌మార్కు మీద, స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) నిలబెట్టి మొదటి రీడింగు తీస్తారు. బెంచ్‌మార్కు 100.000 మీటర్లు, రీడింగు 1.250 అనుకుందాం. అప్పుడు పరికరం చూపు 101.250 మీటర్ల ఎత్తున ఉన్నట్టు. స్టాఫ్ ముందుకు తీసుకెళ్లాక 2.100 కనిపిస్తే అక్కడి నేల మట్టం 99.150. కూడికా, తీసివేతా, అంతే. అయితే చివర్లో బయలుదేరిన బెంచ్‌మార్కు దగ్గరికే తిరిగి రావాలి. లెక్క 100.000కు దగ్గరగా రాకపోతే రోజంతా చేసిన పని మళ్లీ మొదటికొస్తుంది.

మరి పరికరంలోనే లోపం ఉంటే? వెనక స్టాఫ్‌కూ ముందు స్టాఫ్‌కూ సమదూరంలో దాన్ని నిలబెడితే ఆ లోపం రెండు రీడింగుల్లోనూ ఒకేలా పడి తీసివేతలో పోతుంది. పరికరాన్ని గుడ్డిగా నమ్మకుండానే దానితో సరైన పని చేయించుకునే ఈ పద్ధతి, ఈ చదువు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టం. కోణాలూ దూరాలూ ఎలక్ట్రానిక్‌గా కొలిచే టోటల్ స్టేషన్ వచ్చిందని పాత లెవెల్‌ను అటకెక్కించకూడదనేది అందుకే. ఇంత కచ్చితత్వం ఎందుకంటారా? 1:2000 వాలున్న కాలువ రెండు కిలోమీటర్లు పారితే దిగేది ఒక్క మీటరే. అందులో అర మీటరు లెక్క తప్పితే చివరి పొలానికి నీళ్లు అందవు.

చెరువు కబ్జాల వార్తల్లో వినిపించే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్)ను చాలామంది కాగితం మీద గీతగా అనుకుంటారు. అది నిజానికి ఒక ఎత్తు, చెరువు నిండి నీళ్లు అలుగు దూకబోయే మట్టం. ఆ మట్టం నేలకు ఎక్కడెక్కడ తగులుతుందో లెవెల్‌తో పట్టుకుంటూ వెళితే నిండు చెరువు హద్దు బయటపడుతుంది. సర్వే చదివిన పిల్లవాడికి ఆ హద్దు ఎవరూ చెప్పక్కర లేదు, తానే పట్టుకోగలడు.

కాంక్రీటు ల్యాబ్‌లో నేర్పేది ఓపిక. 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, నీళ్లలో ఉంచి, 28 రోజులకు మిషన్ కింద పెట్టి నలగ్గొడతారు. ఎం20 కాంక్రీటు అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. ఎనిమిది కిలోల ఆ దిమ్మె సుమారు 46 టన్నుల బరువు మోయాలన్నమాట. సైట్లో మాలు జారుగా ఉంటే పని సులువని పైపుతో ఇంకాస్త నీళ్లు కలిపేస్తారు. ఆ ఎక్కువ నీళ్లు బలాన్ని ఎంత తినేస్తాయో క్యూబు పగిలినప్పుడు కళ్లారా చూసినవాడు రేపు స్లాబు పోసేరోజు మాలు జారుదనం కొలిచే స్లంప్ కోన్ తీయకుండా ఊరుకోడు.

మట్టి ల్యాబ్‌కు వస్తే మళ్లీ చెరువు దగ్గరికే వస్తాం. 1933లో కాలిఫోర్నియాలో మట్టి ఆనకట్టల కోసం ప్రాక్టర్ అనే ఇంజనీరు ఒక పరీక్ష రూపొందించాడు. మట్టిని అచ్చులో మూడు పొరలుగా వేసి, పొరకు 25 దెబ్బల చొప్పున 2.6 కిలోల సుత్తితో దిమ్మిస చేస్తారు. తేమ పెంచుతూ పోతే మట్టి గట్టిపడుతూ పోయి, ఒక స్థాయి దాటాక మళ్లీ వదులవుతుంది. ఆ స్థాయి పట్టుకోవడమే పరీక్ష. మన చెరువు కట్టలు వేసినవాళ్లకు ఈ అంకెలు లేవు. తడి మట్టిని పొరలుగా పోసి, పశువులతో తొక్కించి, ఆ స్థాయిని చేతి అనుభవంతో పట్టుకున్నారు. రసమట్టం, మూలమట్టం, తూకం గుండుతో గోడ లేపే మేస్త్రీదీ అదే పరంపర. సైట్లో ఆయన్ని ‘అన్నా’ అని పిలిచి పక్కన నిలబడి చూసే కుర్రాడికి పుస్తకంలో లేనివి చాలా తెలుస్తాయి.

ఈ ల్యాబులే కాక సివిల్ చదువులో డ్రాయింగు, స్ట్రక్చర్స్, హైడ్రాలిక్స్, ఎస్టిమేషన్ కూడా ఉంటాయి. ఈ చదువులోకి మరో దారీ ఉంది: పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వస్తారు. ల్యాబుల్లో వాళ్ల పనితనంలో తేడా కనిపిస్తూనే ఉంటుంది.

గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు మీదుగా వచ్చింది ఇబ్రహీంపట్నం పేరు. ఇక్కడి పెద్దచెరువు కూడా కుతుబ్‌షాహీల నాటిదే. ఇంత దగ్గర్లో చెరువు ఉండగా సర్వే క్యాంపును కాలేజీ గ్రౌండులో జరపడం అన్యాయం. ఏటా ఒక బ్యాచ్ కట్ట పొడవునా మట్టాలు తీయాలి. తూము గడప, అలుగు తల, కట్ట నడినెత్తి ఎత్తులు ఒక పుస్తకంలో నమోదు చేసి, కిందటేడు బ్యాచ్ అంకెలతో పోల్చాలి. కట్ట ఎక్కడైనా కుంగుతుంటే ఆ పుస్తకంలోనే ముందుగా తెలుస్తుంది. ఆ పుస్తకం నకలు ఒకటి ఆయకట్టు రైతులకూ ఇవ్వాలి.