తాలు ఏరినట్టు

అచ్చంపేట సెంటర్లో పొద్దున్నే టీ కొట్టు ముందు పేపరు విప్పితే అది ఒక్కరి పేపరుగా ఉండదు. జిల్లా పేజీ ఒకరి చేతికి, ఆటల పేజీ ఇంకొకరి చేతికి పోతుంది. మొదటి పేజీ మాత్రం ఎవరో ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. చిన్నప్పుడు ఆ చదివే పని నాది. ఏ వార్త దగ్గర గొంతు పెంచినా, ఏ వార్త తొందరగా దాటేసినా వినేవాళ్ళు ఇట్టే పట్టేసేవాళ్ళు. ఈ కాలమ్‌కు అసలు బడి ఆ టీ కొట్టు బల్లే.

2024 ఆగస్టులో ఒక పొద్దున అక్కడే ఢాకా వార్త చదివాం. 5వ తేదీన బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా పదవి వదిలేసి దేశం దాటి వచ్చేసింది. బల్ల మీద కూర్చున్న కుర్రాడు, "వాళ్ళంతేలే" అన్నాడు. పక్కనున్న మిరప రైతు టీ గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ళంతే కాదబ్బాయా. మన కాయ కొనేవాళ్ళల్లో వాళ్ళూ ఉన్నారు. సరిహద్దు దగ్గర లారీలు పోతన్నయ్యో లేదో చూడు ముందు," అన్నాడు. ఆయన మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, అప్పటికి ఏసీ గిడ్డంగిలోనే ఉన్నాయి. రేటు పెరుగుతుందని ఆపుకున్న సరుకు అది. సరిహద్దులోని పెట్రాపోల్ దగ్గర సరుకు లారీలు ఆ రోజుల్లో నిజంగానే ఆగాయి, తర్వాత కదిలాయి. గుంటూరు యార్డు నుంచి మిర్చి చైనాకు, థాయ్‌లాండ్‌కు పోయినట్టే బంగ్లాదేశ్‌కు, శ్రీలంకకు కూడా పోతుంది. మన చేలో కాయ తిరిగే ఊళ్ళను మనం పరాయి ఊళ్ళనుకుంటున్నాం.

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆ కుర్రాడి మాటే. వాళ్ళంతే. ఆ మాట మూడు నెలల ముందు మన మీద పడింది. మే 13న ఎన్నికల పోలింగ్ జరిగింది. గొడవలు లేవని నేననను, జరిగాయి, సిగ్గుపడాల్సినవే జరిగాయి. మన పల్నాడు జిల్లా అంతా 144 సెక్షన్ పెట్టారు. టీవీల్లో పగిలిన అద్దాలవే నాలుగు దృశ్యాలు పగలూ రాత్రీ తిరిగాయి. హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన బంధువు, "మీ పల్నాడోళ్ళంతే గదా" అన్నాడు. మా వీధిలో నడవలేని ముసలమ్మను కుర్చీలో మోసుకెళ్ళి ఓటేయించిన పిల్లలు ఏ కెమెరాకూ కనపడలేదు. దుకాణాలు మూస్తే ఆ వారం కూలి పోయిన ఇంట్లో పొయ్యి ఎట్టా వెలిగిందో ఎవరూ అడగలేదు. ఆ మాట మనకు అంత నొప్పి పెట్టినప్పుడు, పదిహేడు కోట్ల మంది ఉన్న దేశం మీద అదే మాట విసరడానికి మనకు నోరెట్టా వస్తుంది?

నీళ్ళ సంగతిలో అయితే బంగ్లాదేశ్ రైతు బాధ మనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ దేశంలో తక్కువ. కృష్ణ మన మండలాన్ని ఒరుసుకుని పోతుంది. మాదిపాడు దగ్గర బల్లకట్టు ఎక్కితే అవతల ముక్త్యాల. అయినా ఆ నది మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ దాటి మన దగ్గరికి వచ్చేసరికి మిగిలిందే మన వాటా. 2023 నవంబరు 30న నాగార్జునసాగర్ డ్యామ్ మీద ఆంధ్ర, తెలంగాణ పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. కుడి కాలువకు నీళ్ళొస్తాయా అని ఇక్కడ ఇంటింటా ఎదురు చూశాం. మన వైపు నుంచి బంగ్లాదేశ్‌కు పారే తీస్తా మీద ఒప్పందం 2011లో సంతకాల దాకా వచ్చి పశ్చిమ బెంగాల్ అభ్యంతరంతో ఆగిపోయింది. గంగ మీద 1996లో రాసుకున్న ముప్పై ఏళ్ళ ఒప్పందానికి 2026 డిసెంబరుతో గడువు తీరుతుంది. మన సర్కారు పక్షం మనం మాట్లాడటంలో తప్పు లేదు, నేనూ మాట్లాడతాను. కాని కృష్ణ దగ్గర దిగువ రైతుగా మొరపెట్టుకుని, తీస్తా దగ్గరికి వచ్చేసరికి ఎగువవాడి దర్జా చూపిస్తే అది న్యాయం కాదు.

శ్రీలంకను తలుచుకున్నప్పుడల్లా నాకు మన పొలాలే గుర్తొస్తాయి. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసింది. ఏడాది తిరక్కుండానే ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఈలోగా వరి దిగుబడి పడిపోయింది. డాలర్లు నిండుకున్నాక 2022 జులైలో అధ్యక్షుడు గొటబాయ రాజపక్సే దేశం విడిచిపోయాడు. మందులు తగ్గించాలనే నేనూ అంటాను. మిరపకు మనం కొడుతున్న మందులు చూస్తే భయమేస్తుంది. అయితే రైతును అడక్కుండా తెచ్చిన మంచి కూడా రైతు నెత్తిన బండే.

ఈ మాఘంలో ఒక కల్లం దగ్గర పొద్దంతా కూర్చున్నాను. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. ఎర్రకాయ కుప్పలోంచి తెల్లబడ్డది, మచ్చపడ్డది చూసి తీసి పక్కన పడేస్తున్నారు. కాయ పట్టుకోకుండా ఏ కాయనూ తాలనరు. పైన ఎర్రగా ఉన్నా తొడిమ దగ్గర వేలు నొక్కి, పదును తెలిస్తే మళ్ళీ ఎండకు వేస్తారు. వారం వారం నేను చెయ్యాల్సిన పనీ అదే. ఒక్కో వార్తనూ చేత్తో పట్టుకుని, ఎవరు చెప్పారు, ఎవరికి నష్టం, మనకు తెలిసిన ఏ సంగతికి ఇది దగ్గర అని చూసుకోవాలి. అట్టా చూస్తే కుప్పలో సగం పోతుంది. పోనీ.

నేపాల్ సంగతి నేను ఆ కల్లంలోనే చెప్పాను. 2025 సెప్టెంబరు 4న అక్కడి ప్రభుత్వం 26 సోషల్ మీడియా యాప్‌లను ఆపేసింది. 8న పిల్లలు రోడ్డెక్కారు. ఆ ఒక్క రోజే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు. ఇక్కడ చాలామంది, ఫోన్లు లాక్కుంటే తిరగబడ్డారని తేల్చేశారు. 1922లో ఇదే పల్నాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టమన్నందుకు ఎదురు తిరిగాడు. ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కాల్పుల్లో నేలకొరిగాడు. పశువుల మేత మీద పన్ను కోసం ప్రాణం ఇస్తారా అని ఆనాడు దొరలు అనుకునే ఉంటారు. పుల్లరి కట్టనన్నవాడికి ఆ అడవి ఎవరిదన్నది ప్రశ్న. కాఠ్మండు పిల్లలకూ యాప్ కన్నా పెద్ద ప్రశ్నలు ఉన్నాయి. పెద్దల పిల్లల వైభోగం, తమకు దొరకని కొలువులు, గల్ఫ్‌కు పోయే విమానాలు.

అందరికన్నా పెద్దామె చేతిలో తాలుకాయ అట్టాగే పట్టుకుని వింది. "ఆ పందొమ్మిది మంది ఏ ఊళ్ళోళ్ళయ్యా? వాళ్ళమ్మలకు ఎవరన్నా కబురు చెప్పారా?" అని అడిగింది. ప్రధాని పేరు, తేదీలు, యాప్‌ల లెక్క, అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఒక్క పిల్లాడి ఊరి పేరు కూడా లేదు. వెతికి వచ్చి చెబుతానన్నాను. ఆమె తల ఊపి మళ్ళీ కుప్పలో చెయ్యి పెట్టింది.