కీబోర్డు ముట్టుకోని అన్న

కారంపూడి నుంచి హైదరాబాద్ వచ్చి వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటామనే పిల్లలకు నేను ముందు చెప్పేది ఒకటే: హైడ్‌పై మీటప్‌కి వెళ్లండి. పైథాన్ వాళ్ల బృందమది. జాంగో, ఫ్లాస్క్‌లతో సైట్లు కట్టేవాళ్లు అక్కడ దండిగా దొరుకుతారు. 2018లో పైకాన్ ఇండియా హైదరాబాద్‌లోనే జరిగింది గానీ, అంత పెద్ద సభ కన్నా నాకు ఈ వారాంతపు చిన్న కూటమే ముద్దు. ప్రసంగాలు సరే, అసలు పని అవి అయ్యాక మొదలవుతుంది. ఒకమ్మాయి ల్యాప్‌టాప్ ఇటు తిప్పుతుంది. “అన్నా, నా దాంట్లో బానే ఉంది, సర్వర్‌లో పెడితే బొమ్మ రావట్లేదు.” ఆ అన్నకు సంగతి అప్పటికే అర్థమై ఉంటుంది, అయినా కీబోర్డు ముట్టుకోడు. “ఎఫ్12 నొక్కమ్మా. నెట్‌వర్క్ ట్యాబ్ చూడు.” ఎర్రటి అక్షరాల్లో 404. ఫైలు పేరు పెద్ద ‘ఎల్’తో, కోడ్‌లో చిన్న ‘ఎల్’తో. విండోస్ ఈ తేడా పట్టించుకోదు, లైనక్స్ సర్వర్ ఊరుకోదు. ఆ తేడాను ఆ అమ్మాయి తనంతట తాను కనిపెట్టేదాకా పక్కన ఊరికే కూర్చోవడం ఉంది చూశారూ, కోడ్ రాయడం కన్నా కష్టమైన విద్య! ఆ తర్వాత అదే ట్యాబ్‌లో నెట్ వేగం 3జీకి తగ్గించమంటాడు. పేజీ నత్తనడక మొదలుపెడుతుంది. సిగ్నల్ సరిగా అందని పల్లెలో మిర్చి ధర చూసుకునే రైతుకు ఆ సైట్ ఎలా తెరుచుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. భారీ ఫొటోలు వెంటనే చిక్కిపోతాయి. ఇంతకీ ఫీజు లేదు. ఛార్జర్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.