గుద్దు మిగిలింది, తల ఆగింది

మైక్ టైసన్ ఎప్పుడు మహా జోరులో ఉన్నాడని అడిగితే బాక్సింగ్ అభిమానుల్లో చాలామంది తడుముకోకుండా 1988 జూన్ 27 అంటారు. ఆ రాత్రి అట్లాంటిక్ సిటీలో, అప్పటిదాకా ఓటమి ఎరగని మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టాడు. డొక్కలో పడ్డ దెబ్బకు స్పింక్స్ మోకాలి మీద కూలబడ్డాడు, ఎలాగో లేచాడు, అంతలోనే వెల్లకిలా పడ్డాడు. ఆ తర్వాత ఇక బరిలోకే దిగలేదు. ఇంతకన్నా రుజువేం కావాలని అడుగుతారు. నాకైతే చాలదు. తొంభై సెకన్ల పోటీలో ఓడినవాడి భయం ఎంతటిదో తెలుస్తుంది గానీ, గెలిచినవాడి విద్య లోతు తెలియదు.

ఆ విద్య టైసన్ గురువు కస్ డమాటోది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్స్‌కిల్ అనే చిన్న ఊళ్లో, పోలీస్ స్టేషన్ పై అంతస్తులో ఉండేది ఆయన జిమ్. ఆయన నేర్పిన పద్ధతిని బాక్సింగ్ లోకం పీకబూ అంటుంది. రెండు గ్లవ్స్ చెంపలకు ఆనించాలి, మోచేతులు డొక్కలకు దగ్గరగా పెట్టుకోవాలి. మామూలు బాక్సర్ ఎడమకాలు ముందుకేసి కాస్త పక్కకు తిరిగి నిలబడతాడు. అలా నిలబడితే ఒంట్లో ఎదుటివాడికి దొరికే భాగం తక్కువ, కానీ కుడిచెయ్యి వెనకబడిపోతుంది. డమాటో శిష్యుడు దాదాపు ఎదురుగా నిలబడతాడు. రెండు చేతులూ ఒకే దూరంలో ఉంటాయి, ఏది ఎప్పుడు వస్తుందో అవతలివాడు పోల్చుకోలేడు. కాకపోతే ఛాతీ, తల రెండూ వాడికి ఎదురుగా దొరికిపోతాయి. అందుకే తల ఒక్కచోట నిలవకూడదు. గుద్దేముందు కదలాలి, గుద్దిన తర్వాతా కదలాలి. ఈ రెండోదే కష్టం.

ఇందులో అసలు కిటుకు చాలామంది కంటికి ఆనదు. తల ఎడమకు వంచితే ఒంటి బరువంతా ఎడమకాలి మీదికి వస్తుంది, నడుము మెలి తిరుగుతుంది. ఆ మెలి విప్పుకుంటూ లేస్తే అదే ఎడమ హుక్. అంటే తప్పించుకోవడమే దెబ్బకు సన్నాహం. అయిదడుగుల పది అంగుళాల టైసన్ తనకన్నా అరడుగు పొడవైనవాళ్ల జాబ్ (ముందుచేత్తో సూటిగా విసిరే గుద్దు) కిందినుంచి దూరి వాళ్ల డొక్కలు పగలగొట్టాడంటే, చేతుల బలం ఒక్కటే కాదు, ఈ మెలి కూడా కారణం.

సాధన కూడా చిత్రంగానే ఉండేది. తాడుకు చిన్న సంచి వేలాడదీసి ఊపుతారు, అది ముఖం మీదికి వచ్చిన ప్రతిసారీ తల తప్పించాలి. ప్రతి గుద్దుకూ ఒక అంకె ఉంటుంది. టేపు రికార్డరులోంచి అంకెలు వినపడుతుంటే శిష్యుడు వాటి వరసలో గుద్దులు కురిపించాలి. మనిషి బొమ్మ గీసి, అంకెలు వేసిన పరుపుల దిమ్మె ఒకటుండేది. 1965లో డమాటో శిష్యుడు హోసే టోరెస్ లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం విల్లీ పాస్ట్రానోతో తలపడ్డప్పుడు ఆ దిమ్మెకు విల్లీ అని పేరు పెట్టారు. పోటీలో టోరెస్‌దే గెలుపు, దిమ్మెకు మాత్రం ఆ పేరు ఉండిపోయింది.

ఈ విద్యకు ఖరీదూ ఎక్కువే. మూడు నిమిషాల రౌండంతా మోకాళ్లు వంచి లేస్తూ, నడుము తిప్పుతూ ఉండాలి. రోజూ ఒళ్లు వంచనివాడికి నాలుగో రౌండుకే తల ఆగిపోతుంది. డమాటో చేతిలో తయారైన ఫ్లాయిడ్ ప్యాటర్సన్ 1956లో 21 ఏళ్లకే హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1986లో టైసన్ 20 ఏళ్లకే అయ్యాడు. ఈ పద్ధతిలో హెవీవెయిట్‌కు వసంతం ముందే వస్తుందని నా అనుమానం, ముందే పోతుంది కూడా. పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. సోనీ లిస్టన్ 1962లో, 1963లో ప్యాటర్సన్‌ను రెండుసార్లూ మొదటి రౌండులోనే ముగించాడు.

కాబట్టి జోరును కొలవాల్సింది గుద్దుతో కాదు. బాక్సర్‌లో చివరిదాకా మిగిలేది అదే. 1999లో ఫ్రాన్సువా బోథా చేతిలో చిత్తవుతూ కూడా అయిదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో టైసన్ గెలిచేశాడు. ఆ దెబ్బ చూసి టైసన్ తిరిగొచ్చాడన్నారు. రాలేదు, గుద్దు ఒక్కటే వచ్చింది. ముందుగా పోయేది ఏదో చూడాలి: దారి తీసే జాబ్, దెబ్బ తర్వాత తల కదలిక, ఒంటినుంచి తలకు సాగే గుద్దుల వరస. అవన్నీ ఏ రాత్రి నిండుగా ఉన్నాయో అదే అసలైన రోజు.

నా ఓటు 1987 అక్టోబర్ 16కు. ఆ రోజు ఎదురుగా ఉన్నది టైరెల్ బిగ్స్. 1984 ఒలింపిక్స్ స్వర్ణం, ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, చురుకైన కాళ్లు, పొడవైన జాబ్, ఒక్క ఓటమీ లేదు. టైసన్‌కు విరుగుడుగా కొలతలిచ్చి చేయించినట్టున్న మనిషి. మొదట్లో జాబ్ చేస్తూ చుట్టూ తిరిగాడు. టైసన్ తొందరపడలేదు. పొట్టివాడై ఉండి పొడుగువాడిని జాబ్‌తోనే ఎదుర్కొన్నాడు, కిందికి దూరి ఒంటిమీద కొట్టి కాళ్ల చురుకు తగ్గించాడు, ఏడో రౌండులో రెండుసార్లు పడేసి ముగించాడు. కసికొద్దీ కావాలనే సాగదీశానని తర్వాత తనే చెప్పుకున్నాడు. సంస్కారం సంగతి అటుంచితే, అలా సాగదీయబట్టే మనకు పాఠం పూర్తిగా దొరికింది. లైగర్ సినిమాలో యాభై దాటిన టైసన్‌ను మాత్రమే చూసినవాళ్లు ఆ ఏడు రౌండ్లు వెతికి చూడాలి.

అప్పట్లో ఎదిరించినవాళ్లే బలహీనులన్న ఆక్షేపణను కొట్టిపారేయలేం. 1988 జనవరిలో ఓడిన లారీ హోమ్స్‌కు 38 ఏళ్లు, పైగా అంతకుముందు ఏడాదిన్నరకు మించి బరికి దూరంగా ఉన్నాడు. స్పింక్స్ కింది తరగతినుంచి పైకి వచ్చినవాడు. నేను బిగ్స్‌ను ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

డమాటో 1985లోనే పోయాడు. ఆ విద్యను కాపాడుతూ వచ్చిన ట్రైనర్ కెవిన్ రూనీని టైసన్ 1988 చివర్లో తీసేశాడు. తర్వాతి పోటీ 1989 ఫిబ్రవరిలో, మొదటి రౌండులోనే ఫ్రాంక్ బ్రూనో ఎడమ హుక్‌కు టైసన్ తూలాడు. మరో ఏడాదికి టోక్యో. బస్టర్ డగ్లస్ జాబ్‌కు టైసన్ ఎడమకన్ను మూసుకుపోయింది. వాపు తగ్గించే పరికరం లేక సహాయకులు రబ్బరు గ్లవ్‌లో చల్లటి నీళ్లు పోసి కంటికి అదిమారు. అంత ఓడిపోతూ కూడా ఎనిమిదో రౌండులో ఒక్క అప్పర్‌కట్‌తో డగ్లస్‌ను పడేశాడు. డగ్లస్ లేచాడు, పదో రౌండులో టైసనే లేవలేకపోయాడు. అప్పటికి అతని వయసు 23. ఆ వయసులో జోరు తగ్గడమేమిటని వాదించేవాళ్లు పుట్టినతేదీ చూస్తున్నారు తప్ప, రింగులో తల ఎలా ఉందో చూడట్లేదు.

ఇక ఎవాండర్ హోలీఫీల్డ్. 1996లో పదకొండో రౌండులో టైసన్‌ను ఆపేసిన హోలీఫీల్డ్, బిగ్స్‌ను కూల్చిన టైసన్‌నూ ఓడించేవాడా? అతనికి భయం లేదు, దవడ గట్టిది, దగ్గరికొస్తే పట్టేసుకుని నెట్టడం తెలుసు. కానీ 1996 టైసన్ ఒక్కో గుద్దూ విడివిడిగా విసిరి ఆగిపోయేవాడు, హోలీఫీల్డ్ ఎదురుదెబ్బలు తగిలింది అలా ఆగినప్పుడే. 1987 టైసన్ ఆగడు. నా లెక్కలో పోటీ పన్నెండు రౌండ్లూ సాగుతుంది, టైసన్ రెండు రౌండ్ల తేడాతో పాయింట్ల మీద గట్టెక్కుతాడు. నాకౌట్ మాత్రం ఉండదు.