పుస్తకం ముందు, 'కొన్న' వెనక

ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్ళం రిలేటివ్ ప్రొనౌన్ల దగ్గరకు రాగానే బోర్డు మీద పట్టిక గీస్తాం. మనుషులకు 'హూ', వస్తువులకు 'విచ్', రెంటికీ 'దట్'. పిల్లలు కంఠతా పట్టి ఖాళీలు పూరిస్తారు. సొంతంగా రాయమంటే 'ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్' అంటారు. మన పిల్లలు 'హూ', 'విచ్'ల దగ్గర తడబడటం నేను చూసింది తక్కువ, ఈ అదనపు 'ఇట్' దగ్గర తడబడటమే ఎక్కువ.

'నేను కొన్న పుస్తకం' అనడం మన అలవాటు. వర్ణన ముందొస్తుంది, పుస్తకం చివరికొస్తుంది. 'కొన్న' అనే ధాతుజ విశేషణమే పనంతా చేసిపెడుతుంది కాబట్టి సర్వనామం అక్కర్లేదు. ఇంగ్లీషులో పుస్తకం ముందుకొచ్చేస్తుంది. వెనకాల వచ్చే ఉపవాక్యంలో దాని చోటు 'విచ్'ది. అక్కడే 'ఇట్' కూడా రాస్తే ఒకే కుర్చీలో ఇద్దరిని కూర్చోబెట్టినట్టు.

అందుకే ముందు రెండు విడి వాక్యాలు రాయిస్తాను: 'ద బుక్ ఈజ్ గుడ్. ఐ బాట్ ఇట్.' ఆ 'ఇట్'ను కొట్టేయించి, దాని బదులు 'విచ్' రాసి 'బుక్' పక్కకు తెమ్మంటాను. 'ద బుక్ విచ్ ఐ బాట్ ఈజ్ గుడ్.' కొట్టేసిన మాట కళ్ళెదుటే ఉంటుంది గనుక మళ్ళీ రాయాలనిపించదు. ఏది వదిలేయొచ్చో కూడా ఇక్కడే తెలుస్తుంది. కొట్టేసింది కర్మ అయితే 'విచ్' లేకుండా 'ద బుక్ ఐ బాట్' అన్నా చాలు. 'ద మ్యాన్ హూ కేమ్ ఎస్టర్‌డే'లో 'హూ' కర్త, దాన్ని తీస్తే వాక్యం నిలవదు.

కామా లేని ఇలాంటి ఉపవాక్యాల్లో 'విచ్' బదులు 'దట్' వాడితే మేలని ఫౌలర్ 1926లో తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో సూచించాడు. అమెరికాలో చాలామంది సంపాదకులు అదే పాటిస్తారు, బ్రిటన్‌లో 'విచ్' కూడా ధారాళంగా రాస్తారు. ఈ తేడాకు మార్కులు కోయడం అన్యాయం.

కోయాల్సింది కామా దగ్గర. 'గుంటూరులో ఉండే మా అన్నయ్య' అంటే అన్నయ్య ఒక్కడే ఉన్నా, ముగ్గురున్నా తెలుగులో చెల్లుతుంది. ఇంగ్లీషులో 'మై బ్రదర్' తర్వాత కామా లేకుండా 'హూ' వస్తే, ఇంకా సోదరులున్నారని, వాళ్ళలో ఈయన ఫలానా అని అర్థం. కామా పెడితే ఉన్నది ఈయనొక్కడే.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మనవి. ప్రశ్నపత్రంలో ఖాళీలు తగ్గించండి. రెండు వాక్యాలిచ్చి కలపమనండి.