బొటనవేలి కింద బోర్డు

వీడియో గేముల్లో ఎగరడమంటే బటన్ నొక్కడమే. మారియో కాలం నుంచీ ఇంతే. దాన్ని ప్రశ్నించాలని ఎవరికీ పెద్దగా తోచలేదు. 2007 సెప్టెంబరులో కెనడాలోని వాంకూవర్ ప్రాంతానికి చెందిన ఈఏ బ్లాక్ బాక్స్ స్టూడియో ‘స్కేట్’ అనే ఆట తెచ్చింది. అంతకుముందు వాళ్లకు పేరు తెచ్చినవి ‘నీడ్ ఫర్ స్పీడ్’ కారు పందేల ఆటలు. స్కేట్‌బోర్డు మీద నిలబడ్డ మనిషిని గాల్లోకి లేపాల్సి వచ్చినప్పుడు మాత్రం వాళ్లు ఎగిరే బటన్‌ను తీసి పక్కన పడేశారు. ఈ ఆటలో నేను అన్నిటికంటే మెచ్చుకునే పనితనం ఆ తీసెయ్యడంలోనే ఉంది.

అదెందుకో తెలియాలంటే ముందు అసలు బోర్డు ఎలా లేస్తుందో చూడాలి. కాళ్లకు పట్టీల్లేవు, బోర్డుకు స్ప్రింగుల్లేవు. ఏడు పొరల మేపుల్ చెక్క, ట్రక్కులనే రెండు లోహపు ఇరుసులు, నాలుగు చక్రాలు, అంతే సరంజామా. స్కేటర్ మోకాళ్లు వంచి కుంగుతాడు. వెనక కాలితో బోర్డు తోకను నేలకేసి ఠప్పున కొడతాడు. బిళ్ళంగోడు ఆడినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు, మొన మీద దెబ్బ పడితే బిళ్ళ లేస్తుంది. కాకపోతే బిళ్ళను గాల్లో ఇంకో దెబ్బ వేసి సాగనంపుతాం, స్కేటర్‌కు బోర్డు మళ్లీ కాళ్ల కిందికే రావాలి. అందుకని ముందు కాలిని బోర్డు మీద పైకి జారుస్తాడు. పైన అంటించిన గరుకు టేపుకు (ఒకరకంగా అది ఉప్పు కాగితమే) షూ అంచు రాసుకుని బోర్డును తనతోపాటు లాక్కుపోతుంది, నిక్కిన ముందు భాగాన్ని చదును చేస్తుంది. దీన్ని ఆలీ అంటారు. 1970ల చివర్లో ఫ్లోరిడాలో అలన్ గెల్‌ఫాండ్ వాలు గోడల మీద చేసిన ఈ పనిని 1980ల మొదట్లో రాడ్నీ మల్లెన్ చదును నేల మీదికి దించాడు. ఆ తర్వాత వీధి స్కేటింగ్‌లో పుట్టిన విన్యాసాల్లో చాలావాటికి పునాది ఇదే.

అంటే ఇందులో కూడబెట్టుకోవడం ఉంది, విదిలించడం ఉంది. బటన్‌కు నొక్కడం, వదలడం తెలుసు. ఎటువైపు, ఎంత చురుగ్గా అన్నవి తెలియవు. ‘స్కేట్’లో కంట్రోలర్ కుడి స్టిక్‌ను కిందికి లాగితే స్కేటర్ కుంగుతాడు, పైకి విదిలిస్తే ఎగురుతాడు. నేరుగా పైకి కాకుండా ఒక మూలకు విదిలిస్తే బోర్డు కాళ్ల కింద పొర్లుతుంది. అది కిక్‌ఫ్లిప్. రెండో మూలకైతే హీల్‌ఫ్లిప్. కింది నుంచి స్టిక్‌ను అంచు వెంబడి పక్కకు తిప్పితే బోర్డు పొర్లకుండా, ముందూ వెనకా తారుమారయ్యేలా తిరుగుతుంది. దాని పేరు షవిట్. ముందే పైకి నెట్టి కిందికి విదిలిస్తే ముందు కాలితో కొట్టే నాలీ. ఎడమ స్టిక్ ఒంటిది, ఒరగడం, మలుపు తిరగడం దాని వంతు. కింద ఉండే రెండు ట్రిగ్గర్లు రెండు చేతులు. ఈ ఏర్పాటుకు వాళ్లు ‘ఫ్లిక్-ఇట్’ అని పేరు పెట్టుకున్నారు.

ఏ విన్యాసానికి ఏ కదలిక అన్నది బల్ల ముందు కూర్చుని తోచినట్టు పంచిపెట్టింది కాదు. నిజం కిక్‌ఫ్లిప్‌లో ముందు కాలు బోర్డు అంచు మీంచి ఏటవాలుగా జారి బయటికి పోతుంది. స్టిక్ కూడా ఏటవాలుగానే పోతుంది. షవిట్‌లో వెనక కాలు తోకను పక్కకు గీరుతుంది, బొటనవేలూ పక్కకే గీరుతుంది. రెండూ కలిపి, బోర్డును పక్కకు పూర్తి చుట్టు తిప్పే ట్రే ఫ్లిప్ చేయాలంటే వేలు కూడా గీరి, విదిలించి, రెండు పనులూ ఒక్క ఊపులో చేయాలి. నిజం స్కేటర్‌కు ఏది కష్టమో ఆటగాడికీ అదే కష్టం. ఆలీ తేలిక, కిక్‌ఫ్లిప్ కొంచెం కష్టం, ట్రే ఫ్లిప్ ఇంకా కష్టం, ఆ వరుస చెదరలేదు. తప్పులు కూడా అలాగే కుదిరాయి. కిక్‌ఫ్లిప్ అనుకుని కొట్టింది కాస్త నిటారుగా పోతే ఉత్త ఆలీ వచ్చి ఊరుకుంటుంది. పొరపాటు ఎక్కడ జరిగిందో తెర మీద ఎవరూ రాసి చూపక్కర్లేదు, వేలికే తెలుస్తుంది. నా మటుకు నాకు వాస్తవికత అంటే ఇదే. చొక్కా ముడతలు ఎన్ని కనిపించాయన్నది రెండో సంగతి.

ఇలా అంటే దీనికి ముందున్న ఆటను తక్కువ చేసినట్టవుతుందేమో. 1999లో నెవర్‌సాఫ్ట్ చేసిన ‘టోనీ హాక్స్ ప్రో స్కేటర్’ మహా సరదా ఆట. ఆ ఏడాది జూన్‌లోనే శాన్‌ఫ్రాన్సిస్కో ఎక్స్ గేమ్స్‌లో టోనీ హాక్ గాల్లో రెండున్నర చుట్లు తిరిగి 900 పూర్తి చేశాడు. కొన్ని నెలలకే ఆయన పేరుతో ఆట ఇంటింటికీ వచ్చింది. రెండు నిమిషాల గడువు, ఆలోపు ఎన్ని విన్యాసాలు గుదిగుచ్చితే అన్ని పాయింట్లు. 2000లో వచ్చిన రెండో భాగంలో మాన్యువల్, అంటే రెండు చక్రాల మీద సాగడం, చేర్చారు. 2001లో మూడో భాగంలో రివర్ట్, అంటే ర్యాంపు దిగుతూనే బోర్డును వెనక్కి తిప్పడం, చేర్చారు. దాంతో ర్యాంపు దిగాక కూడా వరస తెగకుండా పోయింది. అక్కడ మనిషి ఇంటి కప్పు మీంచి ఇంటి కప్పుకు దూకుతాడు, కరెంటు తీగ మీద జారుకుంటూ పోతాడు. అది స్కేటింగ్ గురించి స్కేటింగ్ రాని పిల్లవాడు కన్న కల. ఆ కలకు బటన్లే సరిపోతాయి. ఎందుకంటే అక్కడ ఒక్కో విన్యాసం ముఖ్యం కాదు, వాటి వరస ముఖ్యం.

‘స్కేట్’ ఆ వరసను విడదీసి ఒక్క విన్యాసాన్ని చేతిలోకి తీసుకుంది. దీనికి మంచి ఉదాహరణ గ్రైండ్. రెయిలింగు మీదో అరుగు అంచు మీదో ట్రక్కుల లోహాన్ని రాపిడి చేస్తూ జారడాన్ని గ్రైండ్ అంటారు. టోనీ హాక్ ఆటలో దానికి ఒక బటన్ ఉంది, దగ్గర్లో ఉండి నొక్కితే చాలు, రెయిలింగు లాగేసుకుంటుంది. ‘స్కేట్’లో గ్రైండ్ బటన్ లేదు. తగిన ఎత్తుకు ఎగిరి, తగిన కోణంలో దిగితే గ్రైండ్ జరుగుతుంది. అడ్డంగా దిగితే బోర్డు చెక్క జారుతుంది, నిలువుగా దిగితే ఇరుసులు జారతాయి. మెట్ల పక్క రెయిలింగు వైపు వెళ్తున్నప్పుడు ఎంత దూరం నుంచి ఏ వాలులో రావాలో కళ్లతో కొలుచుకోవాలి. స్కేటర్లు నిజంగానే చాలాసేపు ఈ పనే చేస్తారు. ఎగిరే క్షణం చిన్నది, దానికి ముందు వచ్చే దారి పెద్దది.

ఇంకో చిన్న వివరం చెప్పకుండా ఉండలేను. నేలను తన్ని వేగం పుంజుకోవడానికి ఆటలో రెండు బటన్లున్నాయి, ఒకటి ఎడమ కాలికి, ఒకటి కుడి కాలికి. మామూలుగా వెనక కాలితో తన్నాలి. ముందు కాలితో తన్నడాన్ని మాంగో అంటారు, వీధిలో దాన్ని చూసి నవ్వుతారు. ఆటలో తప్పు బటన్ నొక్కితే మీ వాడు మాంగోగానే తన్నుకుంటూ పోతాడు. పాయింట్లు తగ్గవు, ఎవరూ హెచ్చరించరు. అయినా ఆ లోకం మర్యాద తెలిసినవాడికి అది చూస్తే సిగ్గేస్తుంది. ఆ సిగ్గుకు కూడా ఒక బటన్ కేటాయించిన వాళ్లు ఈ పని ప్రేమతో చేశారని అనుకోక తప్పదు.

చెవి పాత్ర కూడా తక్కువేం కాదు. గట్టి యురేథేన్ చక్రాలు గరుకు తారు మీద గరగరమంటాయి, నున్నటి కాంక్రీటు మీదికి రాగానే ఒక్కసారిగా గొంతు తగ్గిస్తాయి. ఫుట్‌పాత్ పలకల మధ్య సందులు దాటుతుంటే టక టక మని తాళం. తోక నేలకు తగిలినప్పటి ఠప్, గాల్లో ఉన్నంతసేపూ నిశ్శబ్దం, నాలుగు చక్రాలూ ఒకేసారి దిగిన చప్పుడు. ఆ మధ్య నిశ్శబ్దం లేకపోతే ఎగిరినట్టే ఉండదు. సంగీతం కట్టేసి ఈ ఆట ఆడితే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. పాటలు మంచివే, కానీ చక్రాల మాట వినిపించకుండా చేస్తాయి.

కెమెరా నేలకు దగ్గరగా, స్కేటర్ వెనకే పరుగెత్తుతుంది. మొదటిసారి ఆడేవాళ్లకు ఇది చికాకు, ముందున్నది సరిగ్గా కనిపించదు. కానీ స్కేటింగ్‌ను లోకం చూసింది ఆ ఎత్తు నుంచే. 1991లో స్పైక్ జోన్జ్ తీసిన ‘వీడియో డేస్’ లాంటి క్యాసెట్లు చేతులు మారుతూ వీధి స్కేటింగ్‌ను ఊళ్లు దాటించాయి. 1995లో సోనీ వీఎక్స్1000 కెమెరా వచ్చాక, దానికి ఫిష్‌ఐ కటకం తగిలించి, ఇంకో బోర్డు మీద వెంటపడుతూ మోకాలి ఎత్తులో తీయడం ఒక సంప్రదాయమే అయింది. అలా తీస్తే మూడు మెట్లు కూడా కొండలా కనిపిస్తాయి. స్కేటర్లకు విన్యాసం చేయడం సగం పని, అది కెమెరాలో పడటం మిగతా సగం. అందుకే ఆటలో రీప్లే తీసి, కోణం మార్చి, నెమ్మది చేసి, సొంత వీడియో కత్తిరించుకునే ఏర్పాటు పెట్టారు. మ్యాగజైన్ కవర్ల కోసం, స్పాన్సర్ల కోసం ఆట నడిపించే కథ మాత్రం నాకు ఎప్పుడూ రుచించలేదు. వీడియో కత్తిరించే ఆ మూలలో గంటలు గడిచిపోతాయి.

ఊరు కూడా ఆటగాడే. శాన్‌ఫ్రాన్సిస్కో, వాంకూవర్, బార్సిలోనాలను కలిపి శాన్ వానెలోనా అనే నగరాన్ని అల్లారు. బార్సిలోనాలో మాక్బా మ్యూజియం ముందున్న నున్నటి బండల ఆవరణ ప్రపంచంలోని స్కేటర్లందరికీ తెలిసిన చోటు. అలాంటి చోట్ల మామూలు మనిషి బెంచీని చూసేచోట స్కేటర్ అంచును చూస్తాడు. కొంతసేపు ఆడాక ఆటగాడి చూపూ అలాగే మారుతుంది. కాపలావాళ్లు వెంటపడి తరుముతారు కూడా. ఆ మాత్రం లేకపోతే వీధి స్కేటింగ్ అనిపించుకోదు.

ఇక పడిపోవడం. మనిషి బొమ్మ కీళ్లన్నీ వదిలేసి మెట్ల మీంచి దొర్లుకుంటూ పోతుంది. 2009 నాటి రెండో భాగంలో ఎంత ఘోరంగా పడితే అంత మెప్పు అనే పోటీలు కూడా పెట్టారు. 2010 నాటి మూడో భాగం ఈ దొర్లుళ్ల వల్లే యూట్యూబులో కొత్త ప్రాణం పోసుకుంది. నవ్వు వస్తుంది, నిజమే. కానీ ఈ ఆటను నిలబెట్టింది పడ్డాక ఏం జరుగుతుందన్నది. నచ్చిన చోట ఒక గుర్తు పెట్టుకోవచ్చు. పడగానే బటన్ నొక్కితే మళ్లీ ఆ గుర్తు దగ్గరే, బోర్డు మీద నిలబడి ఉంటారు. ఎదురుచూపు లేదు, శిక్ష లేదు. నిజం స్కేటర్ మోకాలు తుడుచుకుని, మెట్లెక్కి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెడతాడు. ఆటవాళ్లు నొప్పినీ మెట్లెక్కడాన్నీ తీసేసి, మళ్లీ మళ్లీ ప్రయత్నించడాన్ని మాత్రం ఉంచారు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న తూకం ఇంత కచ్చితంగా పడిన ఆట నేను వేరే చూడలేదు.

మోసం లేదని కాదు. ఇక్కడి మనిషి మామూలు స్కేటర్‌కంటే ఎత్తుగా ఎగురుతాడు, ఎముకలు విరగాల్సిన ఎత్తు నుంచి దిగి బోర్డు మీదే సాగిపోతాడు. ఆ మోసాన్ని సహించలేనివాళ్లు తర్వాత ఇంకా ముందుకు వెళ్లారు. 2020లో పూర్తి రూపంలో వచ్చిన ‘స్కేటర్ ఎక్స్ఎల్’లో, 2022లో మాంట్రియల్ నుంచి వచ్చిన ‘సెషన్’లో ఒక్కో స్టిక్ ఒక్కో కాలు. ‘సెషన్’లో వెనక కాలి స్టిక్‌ను లాగి, ముందు కాలి స్టిక్‌ను విదిలిస్తేనే ఆలీ. కాళ్లు రెండూ వేళ్లకు పంచేశాక మలుపు తిరగడానికి ట్రిగ్గర్లు తప్ప వేరే దిక్కు లేకపోయింది. ‘సెషన్’లో కావాలనుకుంటే తిరిగే బోర్డును కాళ్లతో ఆపి పట్టుకోవడం కూడా మన చేతికే వదిలేస్తారు. అందులో ఒక్క కిక్‌ఫ్లిప్ కుదిరితే లేచి ఇంట్లో ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. కాలు కదిలిన తీరు విషయంలో ఇవే ఎక్కువ నిజాయితీ గలవి. కానీ ఒంటి ఒరుగును ట్రిగ్గర్లకు తోసేయడంతో భుజం తిప్పి మలుపు తీసుకునే సుఖం పోయింది, నిలబడ్డ మనిషి కాస్త కర్రలా తోస్తాడు. ఒక్కో కాలికి సగం స్టిక్ ఇచ్చినా ఒంటికి ఒక స్టిక్ మిగిల్చిన 2007 నాటి పంపకమే నాకు ఎక్కువ శరీరం ఉన్నదిగా అనిపిస్తుంది.

2025 సెప్టెంబరులో ‘స్కేట్’ పేరుతోనే ఫుల్ సర్కిల్ అనే స్టూడియో ఉచితంగా ఆడుకునే కొత్త ఆటను ముందస్తు రూపంలో విడుదల చేసింది. ఫ్లిక్-ఇట్ అందులోనూ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదైనా సరే, ఎక్స్‌బాక్స్ ఉంటే పాత మూడో భాగమైనా సరే. ఏది తెరిచినా ముందు మెట్ల జోలికి వెళ్లకండి. చదునైన పార్కింగ్ స్థలం ఒకటి చూసుకుని, సంగీతం కట్టేసి, కుడి స్టిక్ ఒక్కదానితో ఆలీ చేస్తూ ఉండండి. నాలుగు చక్రాలూ ఒకే చప్పుడుతో దిగడం మొదలయ్యాక రెయిలింగు వైపు వెళ్లొచ్చు.