కాగితం మీద కచేరీ

ఫ్రాన్సువారి పాత 20 ఫ్రాంకుల నోటు దొరికితే వెంటనే మడిచి జేబులో పెట్టకండి, కాసేపు కళ్లెదుట ఉంచుకోండి. నల్లని గడ్డం, నల్లని జుట్టుతో సంగీతకర్త క్లోద్ దెబ్యుస్సీ. ఆయన వెనక సముద్రం! విరిగే కెరటం, చిందే నురుగు, సన్నని గీతల్లో సుళ్లు తిరిగే నీళ్లు. 1905లో పారిస్‌లో తొలిసారి మోగిన ఆయన 'లా మేర్' (సముద్రం) విన్న చెవికి ఆ గీతల్లోంచి ఘోష పుట్టుకొస్తుంది. మనిషి ముఖం అచ్చువేయడం ఒక పనితనం. అతని నాదాన్ని కూడా అచ్చులోకి దించడం, ఆహా, అదీ విద్య!

మోట్సార్ట్ సంగతి మరీ ముచ్చట. ఆస్ట్రియా ఒక యూరో నాణెం మీద తన సంతకంతో సహా కొలువుదీరాడు. అది చాలదన్నట్టు మిఠాయిగానూ అవతరించాడు. 1890లో ఆయన పుట్టిన జాల్స్‌బుర్గ్‌లో పౌల్ ఫ్యుర్స్ట్ అనే మిఠాయివాడు చేసిన ఉండ అది. రేకు విప్పి కొరికితే ముందు నల్ల చాక్లెట్ చిరుచేదు, ఆ వెంటే నూగా మెత్తదనం, చిట్టచివర పిస్తా కలిసిన పచ్చని బాదం ముద్ద. పల్లవి, అనుపల్లవి, చరణం వరసగా నాలుక మీద కరిగిపోతాయి!

ఆ మోట్సార్ట్ కంటే పదకొండేళ్లు చిన్నవాడు మన త్యాగయ్య. కావేరి ఒడ్డున తెలుగులో పాడుకున్న ఆ నాదయోగి పేర 1961 జనవరి 6న, ఆయన వర్ధంతి తేదీనాడే, తపాలా బిళ్ళ వచ్చింది. వెల 15 నయాపైసలు. రాజసన్మానం వద్దని ఉంఛవృత్తితో బతికాడని చెప్పుకునే మహానుభావుడికి బంగారు నాణెం ఎందుకు? శిష్యుల గొంతుల మీదుగా ఊరూరా చేరింది పాట. ఉత్తరాల మీదెక్కి ఊరూరా తిరిగింది ఆ వాగ్గేయకారుడి బిళ్ళ. ఎంత తగిన గౌరవం!

జర్మనీలో యూరో రాకముందు చెలామణీ అయిన నీలిరంగు 100 మార్కుల నోటు నిండా పియానో విద్వాంసురాలు క్లారా షూమన్. ముందువైపు పడుచుదనపు సౌకుమార్యం. వెనక్కి తిప్పితే నిండైన గ్రాండ్ పియానో! కొట్టు గల్లాపెట్టెల దగ్గర, రైలు టిక్కెట్ల కిటికీల దగ్గర ఎన్ని వేళ్లు తమకు తెలియకుండానే ఆ పియానోను తాకాయో.

ఆమె భర్త రాబర్ట్ షూమన్ వందో వర్ధంతికి, 1956లో, తూర్పు జర్మనీ తపాలా బిళ్ళలు వేసింది. ముఖం షూమన్‌దే, వెనక పరిచిన స్వరలిపి మాత్రం మరో సంగీతకర్త షూబర్ట్‌ది! తప్పు బయటపడింది; షూమన్ స్వరాలతో మళ్లీ అచ్చువేశారు. ఆ పొరపాటు నాకెంతో ప్రియమైనది. వేలెడంత కాగితం మీది చీమతలల్లాంటి స్వరాలను ఎవరో చూసి ఊరుకోలేదు, విన్నారు! నాదం కాగితంలో నిద్రపోదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? మీ ఇంట్లో పాత బిళ్ళల ఆల్బం ఉంటే ఈ ఆదివారం దించండి. స్వరాలు కనిపిస్తే ఈలవేసైనా పాడుకోండి.