సూది గుచ్చని కొలెస్టరాల్ పరీక్ష: గుణదోషములు

కొలెస్టరాల్ అనగానే జనగామలోని బడిపిల్లవానికైనను గుండెజబ్బు, రక్తపరీక్ష జ్ఞప్తికి వచ్చును. కాని శరీరమున ఈ పదార్థము హెచ్చుగా ఉండునది రక్తమున కాదు. కణములను చుట్టియున్న పలుచని త్వచములలో. త్వచమునకు తగిన బిగువును ఇచ్చువానిలో ఇది ముఖ్యమైనది. కణమును చీల్చకుండగనే దీనిని విద్యుత్తుతో కొలువవచ్చునని 2004లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయమునకు చెందిన దేవదాస్, బర్గెస్ చూపిరి.

వారు మిక్కిలి సన్నని ఎలక్ట్రోడుపై కొవ్వుపొరను అమర్చి, అందు కొలెస్టరాల్ ఆక్సిడేజ్ అను ఎంజైమును నిలిపిరి. ఎలక్ట్రోడు కణమును తాకినపుడు త్వచమునుండి వెలికివచ్చు కొలెస్టరాల్‌ను ఎంజైము ఆక్సీకరణము చేయును. అపుడు పుట్టిన హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎలక్ట్రోడుకు ఎలక్ట్రాన్లను ఇచ్చును. ఆ స్వల్ప విద్యుత్ప్రవాహమే కొలత. ఎంజైమును ఎలక్ట్రోడుతో జోడించు ఉపాయమును 1962లో క్లార్క్, లయన్స్ గ్లూకోజు విషయమున ప్రతిపాదించియుండిరి.

ఉపాయము మెచ్చదగినదే. అయితే కొలత వేరు, రోగనిర్ణయము వేరు. ఈ ప్రవాహము త్వచములో కొలెస్టరాల్ ఎంత ఉన్నదో మాత్రమే కాక, అది ఎంత సులభముగా వెలికి వచ్చునో కూడ తెలుపును. స్ఫింగోమైలిన్ అను మరియొక కొవ్వు దానిని పట్టియుంచును. చేదకు వచ్చిన నీటినిబట్టి బావిలోని నీరంతయు ఎంతయో చెప్పగలమా?

సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వంశపారంపర్య వ్యాధిగల కణముల త్వచములలో కొలెస్టరాల్ హెచ్చుగా నున్నదని 2010లో బర్గెస్, కెల్లీల బృందము ప్రకటించినది. వ్యాధి మూలమును అన్వేషించువారికి ఇది విలువైన జాడ. కాని ఆ వ్యాధిని గుర్తించుటకు 1959లో గిబ్సన్, కుక్ రూపొందించిన చెమటపరీక్ష ఉండనే ఉన్నది. లీటరు చెమటలో క్లోరైడ్ 60 మిల్లీమోల్‌లు గాని అంతకు మించిగాని యున్నచో అది వ్యాధిని సూచించును. దానికిని సూది అక్కరలేదు. క్రొత్త పద్ధతి దానికంటె అధికముగా ఏమి చెప్పగలదో రోగులయందు రుజువు కావలెను.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ఆసుపత్రికి దూరమైన తండాలు, గూడెములు కలవు. "సూది లేదు" అను మాట అచటి వారికి ఊరట కలిగించును. కాని గుండెజబ్బు ముప్పును అంచనా వేయుటకు వైద్యుడు చూచునది రక్తములోని ఎల్.డి.ఎల్. మొదలగువానిని. ముక్కులోని కణమున తేలిన అంకె వానికి బదులు కాజాలదు. రెండును ఒకటేయని భ్రమించి రక్తపరీక్ష మానుకొన్నవాడు నష్టపోవును.

కనుక ఉపాధ్యాయులు ఈ రెండు కొలెస్టరాల్‌ల భేదమును తరగతిలో వివరించుట మేలు. పరికరమును చూపినపుడు విద్యార్థి "నొప్పి ఉండదా?" అని అడుగుటకు ముందు "ఇది దేనిని కొలుచును?" అని అడుగవలెను.